మరిగే నీళ్లలో కాలిన రాగి ముక్క: బాయిలింగ్ కర్వ్‌ను మన చేత్తో మనమే గీసే పద్ధతి

వేడి లోహం నుంచి మరిగే నీళ్లలోకి పోయే వేడి, ఆ లోహం ఎంత కాలి ఉందో దాన్నిబట్టి ఎలా మారుతుందో చూపే గీతే బాయిలింగ్ కర్వ్. డిప్లొమా, డిగ్రీ పిల్లలు ఏటా ఒకే ప్రశ్నతో వస్తారు. "మేష్టారూ, పుస్తకంలో బాయిలింగ్ కర్వ్ ఉంది కదా, అది మన ల్యాబులో వస్తుందా?" వస్తుంది. అమలాపురంలోనో భీమవరంలోనో దొరికే సామానుతోనే వస్తుంది. ఒక రాగి ముక్క, ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ), ఒక గిన్నెడు మరిగే నీళ్లు చాలు. ముక్కను బాగా కాల్చి నీళ్లలో ముంచి, అది చల్లారే వేగాన్ని రాసుకోవాలి. గీత ఆ వేగంలోంచే పుడుతుంది.

నా దగ్గర చేసినవాళ్లలో చాలామందికి మొదటిసారి గీత సరిగా రాలేదు. వాళ్లందరూ మీటరును అనుమానించారు. చాలాసార్లు తప్పు మీటరుది కాదు. ముక్క ఉపరితలం, నీళ్లు, ముంచే తీరు, ఈ మూడింటిలోనే ఎక్కడో ఉంటుంది. అందుకే ఇక్కడ తయారీ గురించే ఎక్కువ రాశాను.

1. ఏం కొలుస్తున్నాం

మనకు కావాల్సినవి రెండు. ఒకటి, ముక్క ఉపరితలం నీటి మరుగు స్థానం కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. రెండు, ఆ క్షణంలో ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి ఎన్ని వాట్ల వేడి నీళ్లలోకి పోతోంది. ఈ రెండోదాన్ని ఉష్ణ అభివాహం అంటారు. ల్యాబులో అందరూ హీట్ ఫ్లక్స్ అనే అంటారు.

వేడి తేడా పెరిగేకొద్దీ ఫ్లక్స్ కూడా పెరుగుతూ పోతుందని మనసుకు అనిపిస్తుంది. మరిగే నీళ్ల దగ్గర అలా జరగదు. ఫ్లక్స్ ఒక చోట దాకా పెరిగి, తర్వాత తగ్గి, మళ్లీ మెల్లగా పెరుగుతుంది. 350 డిగ్రీల రాగి కంటే 130 డిగ్రీల రాగి ఎన్నో రెట్లు వేగంగా చల్లారుతుంది. ఈ మాట చదివితే నమ్మకం కుదరదు, ఒక్కసారి కళ్లారా చూస్తే మరచిపోరు.

2. ముందు అట్ల పెనంతో ఒక పరీక్ష

లేత్ షాపుకు వెళ్లే ముందు వంటింట్లో ఇది చేయండి. అట్టు పోసే ముందు అమ్మ పెనం మీద చిలకరించే నీళ్ల చుక్కే ఇందులో పరికరం.

1. నూనె మరక లేకుండా తోమిన పెనాన్ని పొయ్యి మీద 5 నిమిషాలు కాల్చండి.
2. పొయ్యి కట్టేయండి. వెంటనే ఇంకు ఫిల్లరుతో ఒక చుక్క నీళ్లు వేయండి.
3. చుక్క ఎన్ని సెకన్లు బతికిందో ఫోను స్టాప్‌వాచ్‌తో రాసుకోండి.
4. అది పోగానే, అంతే పరిమాణంలో ఇంకో చుక్క అదే చోట వేయండి. పెనం చల్లారేదాకా ఇలాగే కొనసాగించండి.

మొదట్లో చుక్క ముత్యంలా గుండ్రంగా అటూ ఇటూ దొర్లుతుంది, నిమిషం దాకా కూడా బతకవచ్చు. దాని కింద పలచని ఆవిరి పొర ఉంటుంది, చుక్క పెనాన్ని తాకదు. పెనం కొంచెం చల్లారాక అదే చుక్క చుయ్‌మని ఒకటి రెండు సెకన్లలో ఎగిరిపోతుంది. ఇంకా చల్లారాక పెనానికి అంటుకుని తీరిగ్గా ఆరిపోతుంది.

రాసుకున్న సెకన్లను వరసగా చూడండి. ఎక్కువ, బాగా తక్కువ, మళ్లీ ఎక్కువ. బాయిలింగ్ కర్వ్ ఆకారం మొత్తం ఇందులోనే ఉంది. రాగి ముక్కతో మనం చేసేది దీనికి అంకెలు కట్టడమే.

3. ముక్క చేయించడం

రాగి దొరికితే రాగి, దొరక్కపోతే ఇత్తడి. స్టీలు మాత్రం వద్దు. స్టీల్లో వేడి మెల్లగా కదులుతుంది కాబట్టి పైన ఒక ఉష్ణోగ్రత, నడుమ ఇంకొకటి ఉంటుంది, లెక్క తప్పుతుంది. మన గోదావరి డెల్టాలో ఇత్తడి పనికి అజ్జరం ఊరు పెట్టింది పేరు. ఇత్తడి కడ్డీ ముక్క కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. రాగి కడ్డీ పాత సామాన్ల కొట్లలో, మోటారు వైండింగ్ షాపుల దగ్గర వెతకండి.

కొలత: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 40 మిల్లీమీటర్ల పొడవు. రొయ్యల చెరువుల ఏరేటర్లు బాగుచేసే లేత్ షాపులో ఇది అరగంట పని. పని చేసే ఆయనకు ఈ నాలుగు మాటలు స్పష్టంగా చెప్పండి:

- పైఅంచు, కిందిఅంచు రెండూ గుండ్రంగా అరగదీయాలి. పదునైన అంచు దగ్గర ఆవిరి పొర ముందే చిరిగిపోతుంది.
- పైముఖం మధ్యలో 6 మిల్లీమీటర్ల రంధ్రం, 10 మిల్లీమీటర్ల లోతు. అక్కడి నుంచి థర్మోకపుల్ మొన పట్టేంత సన్న రంధ్రం, ముక్క సరిగ్గా నడిమధ్య దాకా.
- 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, కనీసం 40 సెంటీమీటర్ల పొడవు, ఆ రంధ్రంలో బిగుతుగా కూర్చోవాలి.
- ముక్కలో ఎక్కడా బోలు ఉండకూడదు. మూసుకుపోయిన బోలులో తేమ చిక్కితే కాల్చేటప్పుడు పేలుతుంది.

గొట్టాన్ని అతికించే ముందు ముక్కను ఒంటరిగా తూకం వేయండి. బంగారం కొట్టు తూకం అయితే మరీ మంచిది. రాగి అయితే సుమారు 112 గ్రాములు, ఇత్తడి అయితే 107 గ్రాములు ఉండాలి. రంధ్రం వల్ల కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గిన అంకెనే రాసుకోండి.

గొట్టం మొదలును ఫ్రిజ్, ఏసీ మెకానిక్ చేత అతికించండి. రాగి గొట్టాలు అతికించడం వాళ్లకు రోజూ ఉండే పనే. ఈ అతుకు మీద చిన్నచూపు వద్దు. నేను చేయించిన మొదటి ముక్కకు అతుకులో కంటికి కనపడని సందు ఉండిపోయింది. నీళ్లు లోపలికి దిగి, గొట్టం పైనుంచి ఆవిరి చిమ్మింది. చెయ్యి కొంచెం పక్కగా ఉంది కాబట్టి కాలలేదు. అప్పటి నుంచి ప్రతి ముక్కనూ కాల్చకముందే ఒక రాత్రంతా నీళ్లలో నిలబెట్టి, పొద్దున్న గొట్టంలోకి సన్నని దూదివత్తి దింపి తడి ఉందేమో చూస్తున్నాను.

థర్మోకపుల్ కె టైపుది కావాలి, తీగ మీద గ్లాస్ ఫైబర్ తొడుగు ఉండాలి. మల్టీమీటరుతో వచ్చే మామూలు ప్లాస్టిక్ తొడుగు తీగ ఈ వేడికి కరిగిపోతుంది.

మీటరు వేగం కూడా చూసుకోవాలి. మామూలు మల్టీమీటరు సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది. ఆవిరి పొర దశకు అది చాలు. పొర తెగి ముక్క వేగంగా చల్లారే అసలు ఘట్టం మాత్రం కొద్ది సెకన్లలో అయిపోతుంది. ఆర్డునో బోర్డుకు (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) థర్మోకపుల్‌ను చదివే మ్యాక్స్ 31855 చిప్ తగిలిస్తే సెకనుకు 10 రీడింగులు వస్తాయి. అదే కుటుంబంలోని మ్యాక్స్ 6675 సెకనుకు సుమారు 4 ఇస్తుంది. కొనేటప్పుడు చూసి మొదటిదే తీసుకోండి.

4. నీళ్లు

మన డెల్టాలో నీళ్లు ఒక్కో ఊరికి ఒక్కోలా ఉంటాయి. కాలువ నీళ్లలో బురద, సముద్రం వైపు బోరు నీళ్లలో ఉప్పు. ఈ ప్రయోగానికి రెండూ పనికిరావు, కనీసం మొదటి విడతకు.

కారణం ఇదీ. నీటిలో ఉప్పు కరిగి ఉంటే ఆవిరి పొర నిలవదు, ముందే తెగిపోతుంది. ఉక్కు పనిముట్లకు గట్టిదనం తెచ్చేటప్పుడు ఉప్పునీళ్లలో ముంచడానికి కారణం కూడా ఇదే. పొర తొందరగా పోతే ఇనుము తొందరగా చల్లారుతుంది. మనకేమో ఆ పొర ఎంతసేపు నిలుస్తుందో చూడాలి.

కాబట్టి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యాను కొనండి. 5 లీటర్లు ఎందుకంటే, 400 డిగ్రీల రాగి ముక్క 100 డిగ్రీలకు దిగేలోపు సుమారు 13 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. 5 లీటర్ల నీళ్లకు అది అర డిగ్రీ పైచిలుకు. ఒక్క లీటరే ఉంటే 3 డిగ్రీలు. గిన్నె పెద్దదైతే నీళ్ల ఉష్ణోగ్రత మారలేదనుకుని ధైర్యంగా లెక్క కట్టవచ్చు.

నీళ్లను కనీసం 15 నిమిషాలు తెర్లించాలి. మొదట్లో కనిపించే చిన్న బుడగలు ఆవిరివి కావు, నీటిలో కరిగిన గాలి. అది పూర్తిగా పోవాలి.

గాజు బీకరులో అయితే చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ కాలిన ముక్క గాజుకు తగిలిందంటే పగిలి మరిగే నీళ్లు మీద పడతాయి. మొదటి మూడు సార్లు స్టీలు గిన్నెలోనే చేయండి.

5. ఉపరితలం

నా అనుభవంలో సగం తప్పులు ఇక్కడివే. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

నీటి బుడగ ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. లోహం మీద కంటికి కనపడని గీతలు, గుంటలు ఉంటాయి. వాటిలో చిక్కుకున్న కొంచెం గాలో ఆవిరో విత్తనంలా పనిచేస్తుంది. అద్దంలా మెరుగు పెట్టిన ముక్క మీద విత్తనాలు తక్కువ, కాబట్టి అదే ఫ్లక్స్‌కు ఉపరితలం ఇంకా వేడెక్కాలి. గరుకు ముక్క మీద ఎక్కువ విత్తనాలు, తక్కువ వేడి తేడాతోనే మరుగు జోరందుకుంటుంది. అంటే కొత్త ముక్కకూ పది సార్లు వాడిన ముక్కకూ గీత ఒకలా రాదు. ఇవాళ్టి రీడింగును రేపటి రీడింగుతో పోల్చాలంటే ప్రతిసారీ ఉపరితలాన్ని ఒకే స్థితికి తేవాలి.

నేను పాటించే వరస:

1. 600 నంబరు నీటి ఎమరీ కాగితంతో ముక్క చుట్టూ ఒకే దిశలో 50 సార్లు రుద్దండి. అడ్డదిడ్డంగా వద్దు.
2. నల్లమచ్చ వదలకపోతే చింతపండు పులుసుతో తోమండి. రాగి బిందెలకు ఇంట్లో చేసేదే. అందులో ఉప్పు మాత్రం కలపకండి. ఆ ఉప్పు మిగిలిపోతే పొరను చెడగొడుతుంది.
3. డిస్టిల్డ్ నీళ్లతో మూడుసార్లు కడగండి.
4. అసిటోన్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. దగ్గర్లో పొయ్యి ఉండకూడదు, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది.
5. ఇక వేలితో ముట్టుకోవద్దు. గొట్టం పట్టుకునే కదపాలి. వేలి జిడ్డు అంటిన చోట నీళ్లు సరిగా పరుచుకోవు.

కాల్చేటప్పుడు రాగి ఎలాగూ రంగు మారి నల్లబడుతుంది, దాన్ని ఆపలేం. కానీ ప్రతిసారీ ఒకే మంట, ఒకే సమయం వాడితే ఆ నల్లపొర కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. మంట నీలంగా ఉండాలి. పసుపు మంట మసి పట్టిస్తుంది. మసి నీటిని దగ్గరకు రానివ్వదు, దాంతో ఆవిరి పొర ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపు నిలుస్తుంది.

6. థర్మోకపుల్‌ను సరిచూడడం

ఈ విషయంలో డెల్టావాళ్లం అదృష్టవంతులం. మన ఊళ్లు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. మామూలు రోజున శుద్ధమైన నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అరకు ఎత్తులో అయితే సుమారు 97 దగ్గరే మరిగిపోతాయి.

ముక్కను చల్లగా ఉన్నప్పుడే మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి మీటరు చూడండి. 102 చూపిస్తే, ఆ 2 డిగ్రీలు ప్రతి రీడింగు నుంచి తీసేయాలి. వాయుగుండం పట్టిన రోజు ఈ పరీక్ష పెట్టుకోకండి. గాలి పీడనం 1013 నుంచి 990 మిల్లీబార్లకు పడితే మరుగు స్థానం అర డిగ్రీకి పైగా తగ్గుతుంది.

7. మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

- నూలు బట్టలు, కాళ్లకు బూట్లు, కళ్లకు అద్దాలు
- పొడుగు పట్టకారు, తోలు చేతి తొడుగులు
- కాలిన ముక్కను దించడానికి పక్కనే పొడి ఇటుక
- గిన్నె అంచుకూ నీటి మట్టానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల ఖాళీ
- గొట్టం పైకొన ఎవరి ముఖం వైపూ తిరిగి ఉండకూడదు
- ఇద్దరు మనుషులు ఉండాలి, ఒక్కరే చేయకూడదు. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి
- బకెట్టు నిండా చల్లని నీళ్లు, చెయ్యి కాలితే వెంటనే పెట్టడానికి

8. ముంచే వరస

1. నీళ్లను 15 నిమిషాలు తెర్లించండి. అదే సమయంలో ఒకరు ముక్కను కాల్చడం మొదలుపెట్టాలి. కాలేజీలో మఫుల్ ఫర్నేస్ (మూసి ఉండే ల్యాబు కొలిమి) ఉంటే మంచిది, లేకపోతే గ్యాస్ బర్నరు. మంట ఒకచోటే తగలకుండా ముక్కను తిప్పుతూ ఉండాలి.
2. మీటరు 450 చూపగానే మంట తీసేయండి. 500 దాటనివ్వకండి, తీగ తొడుగుకు మంచిది కాదు.
3. రికార్డింగ్ మొదలుపెట్టండి. ఫోను వీడియో కూడా ఆన్ చేయండి. బొమ్మకంటే చప్పుడు ముఖ్యం, ఎందుకో కింద చెబుతాను.
4. నీళ్ల కింద మంట కట్టేయండి. 20 సెకన్లు ఆగితే నీళ్లు నిశ్చలమవుతాయి, ఉష్ణోగ్రత మాత్రం 100 దగ్గరే ఉంటుంది.
5. మీటరు 420 దగ్గరికి దిగగానే ముక్కను నిలువుగా, ఒక్క సెకనులో, తడబడకుండా దించండి. ముక్క పైన 5 సెంటీమీటర్లు, కింద 5 సెంటీమీటర్లు నీళ్లు ఉండాలి. గొట్టాన్ని స్టాండుకు బిగించేయండి.
6. ఇక కదపకండి. కొడవలికి నీళ్లు పెట్టేటప్పుడు కమ్మరి దాన్ని నీళ్లలో ఆడిస్తాడు. ఆయనకు పొర తెగిపోవాలి కాబట్టి అలా చేస్తాడు. మనకు పొర నిలవాలి.
7. మీటరు 102 కు దిగేదాకా ఆగి రికార్డింగ్ ఆపండి.
8. ఉపరితలం మళ్లీ 5వ విభాగంలో చెప్పినట్టు సిద్ధం చేసి, మొత్తం మూడుసార్లు చేయండి.

ఈ సమయంలో ఏం చూస్తారో చెబుతాను. దించగానే ఒక చిన్న చప్పుడు, తర్వాత దాదాపు నిశ్శబ్దం. ముక్క చుట్టూ వెండి తొడుగులా మెరిసే ఆవిరి పొర. దాని పైఅంచు నుంచి పెద్ద బుడగలు తీరిగ్గా ఒక్కొక్కటే లేస్తాయి. మీటరు సెకనుకు నాలుగైదు డిగ్రీల చొప్పున దిగుతుంది. నిమిషం దగ్గర దగ్గరగా ఇలాగే సాగుతుంది. ఏమీ జరగడం లేదని పిల్లలు విసుక్కునేది ఇక్కడే.

అప్పుడు ఒక్కసారిగా పొర చిరుగుతుంది. గిన్నె మొత్తం బుసకొడుతుంది, నీళ్లు ఎగురుతాయి. మీటరు మీద అంకెలు చదవడానికి కూడా అందవు. రెండు మూడు సెకన్లలో 110 కి వచ్చేస్తుంది. వీడియోలో ఆ బుస ఎక్కడ మొదలైందో వింటే, పొర తెగిన ఘడియ మీటరు కంటే ఖచ్చితంగా దొరుకుతుంది.

9. రీడింగుల నుంచి లెక్క

ముక్క పోగొట్టుకున్న వేడి అంతా ఉపరితలం గుండానే పోవాలి. ఆ ఒక్క మాట మీదే లెక్కంతా నిలుస్తుంది.

ముక్క బరువును గ్రాముల్లో తీసుకుని, రాగికైతే 0.385తో, ఇత్తడికైతే 0.38తో గుణించండి. ఇవి వాటి విశిష్టోష్ణాలు, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడిచేయడానికి కావాల్సిన జౌళ్లు. వచ్చినదాన్ని ఉపరితల వైశాల్యంతో భాగించండి. మన కొలతలకు వైశాల్యం 31.4 చదరపు సెంటీమీటర్లు. రాగికి సుమారు 1.37 వస్తుంది. అంటే ముక్క సెకనుకు 1 డిగ్రీ చల్లారితే చదరపు సెంటీమీటరుకు 1.37 వాట్లు పోతున్నట్టు. ఇత్తడికి ఇది 1.29.

లెక్క తీరు తెలియడానికి రెండు ఉదాహరణలు:

- ఒక సెకనులో 352 నుంచి 348కి దిగింది. సెకనుకు 4 డిగ్రీలు. 4 × 1.37, సుమారు 5.5 వాట్లు.
- 0.1 సెకనులో 138 నుంచి 131కి దిగింది. సెకనుకు 70 డిగ్రీలు. 70 × 1.37, సుమారు 96 వాట్లు.

మొదటిదానిలో రాగి నీటికంటే 250 డిగ్రీలు ఎక్కువ వేడి. రెండోదానిలో 35 డిగ్రీలే. అయినా రెండోదానిలో 17 రెట్ల వేడి పోతోంది.

పక్కపక్క రెండు రీడింగుల తేడాతోనే లెక్క కడితే పొర దశలో గీత వణుకుతుంది. అక్కడ 5 సెకన్లకు ఒకసారి తేడా తీసుకోండి. బుస మొదలయ్యాక మాత్రం దొరికిన ప్రతి రీడింగూ వాడండి. రాగి విశిష్టోష్ణం 300 డిగ్రీల దగ్గర కొన్ని శాతాలు ఎక్కువ ఉంటుంది. మొదటి గీతకు దాన్ని వదిలేయవచ్చు.

10. గీత గీయడం, చదవడం

అడ్డంగా ముక్క ఉష్ణోగ్రతలోంచి 100 తీసేసిన అంకె. నిలువుగా ఫ్లక్స్. అడ్డంగా, నిలువుగా రెండు వైపులా లాగ్ ఉన్న గ్రాఫ్ కాగితం (సమాన దూరానికి అంకె పదిరెట్లయ్యేది) వాడండి. మామూలు కాగితం మీద పొర భాగమంతా అడుగున అంటుకుపోయి ఏమీ కనపడదు.

మనం చల్లారుస్తున్నాం కాబట్టి గీతను కుడి నుంచి ఎడమకు చదవాలి. కుడివైపు మెల్లగా దిగే భాగం ఆవిరి పొర మరుగు. అక్కడ వేడి ఆవిరి గుండా పోవాలి, ఆవిరి వేడిని బాగా మోయలేదు. అడుగున పల్లం, పొర తెగే చోటు. అక్కడి నుంచి నిట్టనిలువుగా ఎక్కే భాగంలో ఉపరితలంలో కొంత తడి, కొంత పొడి. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ తడి భాగం పెరుగుతుంది, అందుకే ఫ్లక్స్ పెరుగుతుంది. ఆ తర్వాత శిఖరం. శిఖరానికి ఎడమవైపు దిగేది బుడగల మరుగు, మన వంటింటి మరుగు అదే.

శుద్ధమైన నీటికి, మామూలు గాలి పీడనంలో శిఖరం చదరపు సెంటీమీటరుకు 110 వాట్ల చుట్టుపక్కల ఉంటుందని సిద్ధాంతం. వేడి తేడా సుమారు 30 డిగ్రీలు. దీన్ని పొయ్యితో పోల్చి చూడండి. 20 సెంటీమీటర్ల గిన్నె అడుగు 314 చదరపు సెంటీమీటర్లు. పొయ్యి నుంచి అందులోకి కిలోవాటున్నర దిగినా 5 వాట్లు దాటదు. శిఖరానికి చాలా దూరం. అందుకే నీళ్లున్న గిన్నె అడుగు మాడదు, నీళ్లు ఇగిరాకే మాడుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. నడిమి నిట్టనిలువు భాగం మనకు దొరికింది చల్లార్చాం కాబట్టే. కరెంటుతో తీగను వేడిచేస్తూ వాట్లు పెంచుకుంటూ పోతే ఆ భాగం కనపడదు. శిఖరం దాటగానే తీగ ఉష్ణోగ్రత ఒక్క దూకుతో పొర దశలోకి పోతుంది, చాలా లోహాలు అక్కడే కరిగిపోతాయి. మండపేట వైపు రైస్ మిల్లుల్లో ఊక బాయిలరు దగ్గర నీటి మట్టాన్ని అంత జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇందుకే. గొట్టానికి తడి దూరమైతే మంట వేడి పోవడానికి దారి ఉండదు. ఉప్పునీటి పొలుసు కట్టినా కీడే. మిల్లీమీటరు పొలుసు, చదరపు సెంటీమీటరుకు 10 వాట్ల వేడి ఉంటే, గొట్టం 50 నుంచి 100 డిగ్రీలు అదనంగా కాలుతుంది.

11. తరచుగా జరిగే తప్పులు, సరిచేసే తీరు

*ముంచగానే బుస వచ్చేసింది, పొర కనపడలేదు.* ముందు నీళ్ల ఉష్ణోగ్రత చూడండి. 100కి 20 డిగ్రీలు తక్కువున్నా పొర చాలా తొందరగా తెగుతుంది. అది సరిగానే ఉంటే నీటిలో ఉప్పు, లేకపోతే ముక్క అంచుల పదును. ఒకసారి ఒక జట్టుకు మూడు రోజులు ఇదే ఇబ్బంది. చివరికి చూస్తే గిన్నెను బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వాడుతున్నారు. ఆరిన ఉప్పు అంతా గిన్నె గోడలకే ఉంది.

*పొర అడుగున తెగి మెల్లగా పైకి పాకింది.* ఇది చాలాసార్లు జరుగుతుంది. అలాంటప్పుడు కింద తడి, పైన పొర. ముక్క అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందనే ఊహ తప్పుతుంది. అడుగు అంచును ఇంకా గుండ్రంగా చేయించండి. ఆ కొద్ది క్షణాల రీడింగులను గీతలో వేరే రంగుతో గుర్తు పెట్టండి, తీసేయకండి.

*శిఖరం 110 రాలేదు, బాగా తక్కువ వచ్చింది.* దీనికి టెన్షన్ పడకండి. కారణాలు రెండు. మీటరు మెల్లగా చదవడం ఒకటి. రెండోది, ఆ వేగంలో ముక్క మధ్యభాగం ఉపరితలం కంటే వెనకబడుతుంది. రాగిలో ఈ ఆలస్యం సెకనులో ఐదో వంతో ఆరో వంతో, ఇత్తడిలో అర సెకను. అసలు ఘట్టమే రెండు మూడు సెకన్లది కాబట్టి శిఖరం నలిగి పొట్టిదవుతుంది. పొర భాగంలో ఈ బాధ లేదు, అక్కడి అంకెలు నమ్మదగ్గవి. రిపోర్టులో ఈ తేడాను ఉన్నదున్నట్టు రాయండి. 110 రావాలని అంకెలు దిద్దడం మాత్రం చేయకండి.

*మీటరు ఒక్కసారిగా 100కి పడి అక్కడే నిలిచింది.* గొట్టం అతుకు కారుతోంది. వెంటనే ఆపేయండి. ముక్కను ఎండబెట్టి, తిరిగి అతికించాకే మళ్లీ కాల్చండి. తడి ఉన్న ముక్కను కాల్చవద్దు.

*అంకెలు ఎగుడుదిగుడుగా గంతులేస్తున్నాయి.* లాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి. చాలావరకు పోతుంది.

*మూడుసార్లకు మూడు గీతలు.* పొర తెగే ఉష్ణోగ్రతలో పది పదిహేను డిగ్రీల తేడా ఉంటే ఆశ్చర్యం లేదు. అంతకంటే ఎక్కువైతే 5వ విభాగానికి వెనక్కి వెళ్లండి.

12. గీత కుదిరాక చేయదగ్గ మార్పులు

ఒకసారికి ఒక్కటే మార్చాలి. మిగతావన్నీ అలాగే ఉంచాలి.

- నీళ్లు 95, 90, 80 డిగ్రీల దగ్గర. పొర ఆయువు ఎలా కుంచించుకుపోతుందో కనిపిస్తుంది.
- 5 లీటర్లకు 50 గ్రాముల కల్లుప్పు, తర్వాత 250 గ్రాములు. ఈ విడతను ఆఖరున పెట్టుకోండి. తర్వాత గిన్నెను, ముక్కను డిస్టిల్డ్ నీళ్లతో బాగా కడగాలి.
- 600 బదులు 120 నంబరు ఎమరీ. బుడగల మరుగు భాగం ఎడమకు జరుగుతుంది.
- మీ ఊరి బోరు నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, వానలు పడి కాలువలు వదిలాక ఒకసారి అదే బోరు నుంచి పట్టి చేయండి. పొర తెగే చోటు జరిగిందేమో రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

పని అయ్యాక ముక్కను పూర్తిగా ఆరబెట్టి, గొట్టం తలకిందులుగా ఒక రోజు నిలబెట్టండి. తర్వాత పొడి కాగితంలో చుట్టి, దాని మీద తేదీ, ఎన్నోసారి వాడారు, ఏ నీళ్లలో ముంచారు అనేవి రాసి దాచండి.